బాతు ఓడిపోవాలి

(కెట్లర్‌విల్ బాతులు అనే బేస్‌బాల్ టీము సొంత మైదానం. ఆగస్టు చివరి ఆదివారం, మధ్యాహ్నం ఆట. మొదటి బేస్ వైపు చెక్క బల్లల మీద ఒక భార్యా, భర్తా.)

"ఆ బూట్లేంటి, మెర్ల్?"

"ఏ బూట్లు?"

"నీ కాళ్ళకున్నవి."

"ఇవా? బూట్లు."

"పచ్చగా మెరిసిపోతున్నాయి. పరుగు పందేల కుర్రాళ్ళు వేసుకునే రకం. పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు నీ కాళ్ళకు గోధుమరంగు చెప్పులున్నాయి."

"కారులో మార్చుకున్నాను. ఆట చూడు, ఆర్లీన్. మనవాడు బంతి విసురుతున్నాడు."

"మనవాడు విసిరితే చూసుకోవాల్సింది మనం కాదు, ముందు వరసలో కూర్చున్నవాళ్ళు. ఇందాక ఒకటి వెళ్ళి పాప్‌కార్న్ బండికి తగిలింది. బూట్లు కారులో ఎందుకు మార్చుకున్నావు?"

"కాళ్ళకు గాలి ఆడాలని."

"చెప్పుల్లో ఆడని గాలి బూట్లలో ఆడుతుందా?"

"ఇవి కొత్త రకం."

"ఇన్నేళ్ళు తివాచీల కొట్టు నడిపావు కదా, వచ్చినవాళ్ళకి కూడా ఇంత చక్కగానే అబద్ధాలు చెప్పావా?"

"ఇందులో అబద్ధమేముంది? ఆట చూడవే బాబూ!"

"చూస్తున్నాను. ఆ బ్యాటు పట్టుకున్న పిల్లాడు మూడుసార్లు ఊపాడు, మూడుసార్లూ చల్లటి గాలొచ్చింది. హాయిగా ఉంది. లోపల ఆ నిక్కరేంటి?"

"ఆర్లీన్!"

"ప్యాంటు మీంచి కనబడుతోంది మరి. ఇటు తిరుగు. నా మొహం చూసి చెప్పు. మనం ఇక్కడికెందుకొచ్చాం?"

"ఆట చూడ్డానికి. ఇదే ఆఖరి ఆట. వచ్చే ఏడు ఈ టీమే ఉండదు. పుట్టి పెరిగిన ఊరు, చిన్నప్పట్నుంచీ నా బాతులు. ఒక్కసారి కళ్ళారా చూసి పోదామని. అంతే."

"అంతేనా?"

"అంతే."

"బాతు పందెం కోసం కాదు."

"ఏ బాతు పందెం?"

"ఓరి దేవుడా. బాతు పందెం కోసమే!"

"అరవకు. ముందు వరసలోవాళ్ళు చూస్తున్నారు."

"అరవై మూడేళ్ళొచ్చాయి నీకు! మోకాలి డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు!"

"మెట్లెక్కొద్దన్నాడు. పరిగెత్తొద్దని అనలేదు."

"పరిగెత్తొచ్చా అని ఆయన్ని అడిగావా?"

"అడగలేదు. అడిగితే వద్దంటాడు కదా."

"మెర్ల్, ఆ పందెం పిల్లలది. అయిదో ఇన్నింగ్స్ అయ్యాక ఒక బుడ్డోణ్ణి మైదానంలోకి దింపుతారు, పక్కన గస్ బాతు వేషం వేసినవాణ్ణి నిలబెడతారు. ఇద్దరూ బేసుల చుట్టూ పరిగెడతారు. బాతు మధ్యలో తిండి చూసి ఆగిపోతుంది, బుడ్డోడు గెలుస్తాడు, అందరూ చప్పట్లు కొడతారు. అంతే ఆ పందెం. తాతయ్యలు దిగేది కాదు."

"ప్రతి బుడ్డోడూ గెలుస్తాడు."

"అవును."

"ప్రతి ఒక్కడూ. నడక సరిగా రాని పిల్లలు కూడా. ఒక పిల్ల మధ్యలో కూర్చుని మట్టితో ఆడుకుందట. అది కూడా గెలిచింది, బాతు దానికోసం ఎదురుచూసింది! ఇదిగో, ఈ ఆట పుస్తకం వెనక అట్ట చూడు. ఏం రాశారు?"

"చూశాను, మెర్ల్."

"చదువు."

"గస్ బాతు. ఓటములు, నాలుగు వేల పైచిలుకు. గెలుపులు, ఒకటి."

"ఒకటి!"

"నీ పేరు వెయ్యలేదు కదా."

"వెయ్యక్కర్లేదు. ఇందాక గేటు దగ్గర టికెట్టు చింపిన ముసలాయన నన్ను చూసి ఏమన్నాడు? 'అరె, బాతు మెర్ల్!' అన్నాడు. నేనీ ఊరు వదిలి నలభై ఏళ్ళు దాటింది. ఆయనకి కళ్ళు కూడా సరిగా కనబడట్లేదు. నన్ను మాత్రం గుర్తుపట్టాడు."

"ప్రేమగానే అన్నాడు."

"బళ్ళో ప్రేమగానే అన్నారు. మన పెళ్ళిలో నా స్నేహితుడు మైకు పట్టుకుని ప్రేమగానే చెప్పాడు. కొట్టు మూసేసిన రోజు నా పనివాళ్ళు ప్రేమగానే రబ్బరు బాతు బహుమతిచ్చారు. తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి, ఆర్లీన్. మా నాన్న అక్కడే, ఆ కంచె దగ్గరే నిలబడి చూస్తున్నాడు."

"తెలుసు. మొదట్లో ఒకసారి చెప్పావు."

"పెళ్ళికి ముందు, మన మూడో షికారులో చెప్పాను. నువ్వు ఏడ్చావు."

"నేనేం ఏడవలేదు."

"ఏడ్చావు. కళ్ళనిండా నీళ్ళు, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని బాత్రూములోకి పరిగెత్తావు. భుజాలు కదిలిపోతున్నాయి. అప్పుడే అనుకున్నాను, ఇంత మెత్తని మనసున్న పిల్లని వదులుకోకూడదని."

"...ఆ. అవును. ఏడ్చాను."

"మీ చిన్నాన్న రాల్ఫ్‌ని అడుగుదామనుకున్నాను ఎన్నోసార్లు. పోయాడు పాపం. ఆయన ఇక్కడే పల్లీలు అమ్మేవాడు కదా. ఆ రోజు మూడో బేస్ దగ్గర పొట్లం పట్టుకుని నిలబడ్డది ఆయనే."

"ఆయనే."

"పొట్లం ఊపాడు. 'గస్, పల్లీలు! గస్, పల్లీలు!' అని గొంతు చించుకున్నాడు. బాతు ఆగితేనా? రైలింజనులా దూసుకుపోయింది."

"రైలింజనులా ఏం కాదు."

"నువ్వు చూశావా ఏంటి?"

"చిన్నాన్న చెప్పాడు."

"అవునూ, నువ్వు వేసవి సెలవులకి ఆయన దగ్గరికే వచ్చేదానివి కదా. ఆ రోజు ఆటకి రాలేదా?"

"ఏ రోజు?"

"బాతు రోజు."

"ఆ రోజు ఎండ బాగా మండింది."

"అంత బాగా ఎలా గుర్తుంది?"

"వేసవి కదా మెర్ల్. ఎండ మండక మంచు పడుతుందా? నాకొకటి చెప్పు. పరిగెత్తే ముందు, గీత దగ్గర, దానితో ఏమన్నా అన్నావా?"

"దేనితో?"

"బాతుతో."

"బాతుతో నేనేమంటాను?"

"ఏమో. ఏమన్నా అన్నావేమో, దానికి కోపమొచ్చిందేమోనని."

"ఆల్ ది బెస్ట్ చెప్పాను."

"ఆల్ ది బెస్ట్."

"అవును. చెయ్యి కూడా కలిపాను. రెక్క పట్టుకుని."

"చెయ్యి కలిపావు."

"నేనన్న మాటే మళ్ళీ ఎందుకంటున్నావు?"

"ఊరికే. ఎంత బుద్ధిమంతుడివో అనుకుంటున్నాను."

"అదుగో, ఆ మైకు పట్టుకున్న అమ్మాయి వస్తోంది. బాతు టోపీ పెట్టుకుంది చూడు. పందేలన్నీ నడిపేది ఆ పిల్లే. అమ్మాయ్! ఇటు, ఇటు!"

"మెర్ల్, కూర్చో."

"అమ్మాయ్, నీ పేరేంటి?"

"కేసీ, సార్. చొక్కాలు కావాలంటే చేతులెత్తండి, ఈ గాలి తుపాకీలో చుట్టి పెట్టి ఇటువైపు పేలుస్తాను. కళ్ళజోళ్ళు తీసేసుకోవడం మంచిది."

"చొక్కా వద్దు. బాతు పందెంలో నేను పరిగెత్తాలి."

"మనవడి పేరు చెప్పండి సార్, రాసుకుంటాను."

"మనవడు కాదు. నేను."

"సార్, అది పదేళ్ళలోపు పిల్లలకి."

"నేను పదేళ్ళలోపు పరిగెత్తిన పందెమే. ఇంకా పూర్తి కాలేదు."

"అర్థం కాలేదు సార్."

"ఆ అట్ట వెనక 'గెలుపులు, ఒకటి' అని ఉంది కదా."

"ఉంది."

"నేనే ఆ ఒకటి."

"...మీరా?"

"నేనే."

"మెర్ల్ హోస్టెటర్? నిజంగా? మీరు నిజం మనిషా? మేమందరం ఎవరో కల్పించారనుకున్నాం! సార్, బాతు వేషం వేసే కుర్రాళ్ళకి మేం మొదటిరోజు చెప్పే పాఠం మీరే! 'ఎంత నిదానం పిల్లాడైనా సరే, నువ్వు ఓడిపోవాలి. ఇంకో మెర్ల్‌ని తయారుచెయ్యకు' అంటాం! అయ్యో, బాధపడకండి సార్. ప్రేమగానే అంటాం."

"ప్రేమగానే. విన్నావా ఆర్లీన్?"

"విన్నాను. చూడు కేసీ, ఈయన మోకాళ్ళు..."

"నా మోకాళ్ళు బాగున్నాయి. అమ్మాయ్, ఈరోజు ఆఖరి ఆట. రేపు ఈ బల్లలు పీకేస్తారు. గస్ ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. ఇప్పుడు పరిగెత్తకపోతే నేను బాతు మెర్ల్‌గానే పోతాను. నా సమాధి మీద కూడా ఎవడో బాతుని చెక్కిస్తాడు. చెక్కించేవాడు ఎవడో కూడా నాకు తెలుసు."

"సార్... మా మేనేజరు ఒప్పుకోడు."

"రేపటికి ఆయనకి ఉద్యోగముందా?"

"లేదు."

"నీకు?"

"నాకూ లేదు."

"మరింకేం?"

"...మరింకేం! రండి సార్, పరిగెత్తుదురు గాని! కాకపోతే నాలుగు బేసులూ వద్దు. రెండో బేస్ దగ్గర మొదలుపెట్టి, మూడోది దాటి, ఆఖరి బేస్ హోమ్ దాకా. చాలా?"

"చాలు."

"అయిదో ఇన్నింగ్స్ అవగానే ఆ చిన్న గేటు దగ్గరికి వచ్చెయ్యండి."

"నేను వెళ్ళి కాళ్ళు సాగదీసుకుంటాను. ఆర్లీన్, ప్యాంటు పట్టుకో."

"ఇక్కడ విప్పకు!"

(అయిదో ఇన్నింగ్స్ సగంలో. మెర్ల్ ఇంకా రాలేదు. కేసీ ఆయాసపడుతూ ఆర్లీన్ దగ్గరికొచ్చింది.)

"అమ్మా, సార్ ఎక్కడ?"

"మరుగుదొడ్ల వెనక గోడకి కాలు ఆనించి సాగదీస్తున్నాడు. కాలు దింపడానికి ఎవరో సాయం పట్టారు. ఏమైంది?"

"పందెం లేదమ్మా."

"ఏం?"

"బాతు పడిపోయింది. అంటే, బాతు వేషం వేసే కుర్రాడు. మూడో ఇన్నింగ్స్ తర్వాత హాట్ డాగ్‌లు తినే పోటీ పెట్టాం. వాడు వేషం తియ్యకుండానే ముక్కులోంచి కుక్కుకుని తొమ్మిది తిన్నాడు. గెలిచాడు కూడా. ఇప్పుడు బకెట్టు పట్టుకుని కూర్చున్నాడు."

"ఇంకొకళ్ళు లేరా?"

"ఎవరూ లేరమ్మా. ఆఖరి రోజు కదా, సగంమంది రానేలేదు. జెండాలు పాతిందీ నేనే, చొక్కాలు పేల్చిందీ నేనే. సార్‌కి మీరే చెప్పండి, నాకు నోరు రావట్లేదు."

"నేను చెప్పను."

"బాతు లేకుండా బాతు పందెం ఎలాగమ్మా?"

"కేసీ, ఇటు కూర్చో. ఆ మనిషి నిద్రలో పరిగెడతాడు. నీకు తెలీదు. పడుకుని, దుప్పట్లో, కాళ్ళు ఆడిస్తూ పరిగెడతాడు. 'ఆగు, ఆగు' అని అరుస్తాడు. ఆ తన్నులు ఎవరికి తగులుతాయి? నాకు. పిల్లలు పుట్టినా ఆ పరుగు ఆగలేదు, కొట్టు మూసినా ఆగలేదు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. నేనూ నవ్వాను. కానీ ఈమధ్య ఒకరాత్రి నిద్రలో 'నాన్నా, చూడకు' అన్నాడు. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు."

"అయ్యో."

"ఆ దుస్తులెక్కడున్నాయి?"

"ఏ దుస్తులు?"

"బాతువి."

"మీరా? అమ్మా, మీకెన్నేళ్ళు?"

"అరవై ఏడు. ఆయనకన్నా నాలుగేళ్ళు పెద్దదాన్ని. ఉత్తరాల సంచి భుజాన వేసుకుని కొండ మీద వీధులన్నీ తిరిగినదాన్ని. నన్ను తరమని కుక్క ఆ ఊళ్ళో లేదు, నన్ను అందుకున్న కుక్క కూడా లేదు."

"లోపల భరించలేని వేడి అమ్మా. పైగా ఇప్పుడు కొంచెం... ఆ హాట్ డాగ్‌ల వాసన."

"ఇద్దరు పిల్లల్ని పెంచాను. వాసనలు నాకు కొత్తకాదు."

"ఆ తలకాయలోంచి ఏమీ కనబడదు. కళ్ళలోంచి చూడకూడదు..."

"ముక్కు సందులోంచి చూడాలి."

"అవును! మీకెలా..."

"చూస్తే తెలియట్లా? ఆ కళ్ళు ప్లాస్టిక్ గిన్నెలు. నడు, నడు."

"దుస్తులు పొడుగువాళ్ళకి కుట్టినవి, మీకు..."

"పదమూడేళ్ళకే నేను మా చిన్నాన్న కంటే పొడుగు. సరిగ్గా సరిపోతాయి."

"రెండే రెండు రూళ్ళమ్మా. పిల్లల ముందు తల తియ్యకూడదు. బాతు మాట్లాడకూడదు."

"మాట్లాడను."

"మూడో బేస్ దగ్గర పాప్‌కార్న్ బిల్ సంచీ ఊపుతాడు. అక్కడ ఆగిపోండి. తింటున్నట్టు నటించండి."

"తెలుసు. ఓడిపోతాను. ఘోరంగా ఓడిపోతాను. ఆ మనిషి నడిచి వచ్చినా సరే, పాకుతూ వచ్చినా సరే, గెలిచి తీరాలి. ఎవరైనా నేనెక్కడని అడిగితే హాట్ డాగ్ కోసం వెళ్ళానని చెప్పు."

(అయిదో ఇన్నింగ్స్ తర్వాత, రెండో బేస్ దగ్గర. కేసీ చేతిలో మైకు.)

"కెట్లర్‌విల్ ప్రజలారా! ఇప్పుడు బాతు పందెం! దీన్ని మీకు అందిస్తున్నవారు బ్రూబేకర్ సెప్టిక్ ట్యాంకులు. నిండగానే పిలవండి, పొంగిపోయాక కాదు! ఈరోజు పందెంలో చిన్న మార్పు. పరిగెత్తేది పిల్లాడు కాదు. ఒకప్పుడు పిల్లాడు. గస్ చరిత్రలో ఒకే ఒక్కసారి గెలిచింది. ఎవరి మీద?... అవును! అవును! ఆయనే! ఆ పచ్చ బూట్లాయనే! మెర్ల్ హోస్టెటర్!"

"ఇంత గోల చేస్తున్నారేంటి కేసీ?"

"మీకోసమే సార్. లేచి నిలబడ్డారు చూడండి."

"ఆర్లీన్ కనబడట్లేదు. మా బల్ల ఖాళీగా ఉంది."

"హాట్ డాగ్ కోసం వెళ్ళారు సార్."

"ఇప్పుడా? ఇన్నేళ్ళలో ఒక్కసారి నేను గెలిచేది, ఇప్పుడా హాట్ డాగ్?"

"వరస పెద్దదిగా ఉంది సార్. గస్ వచ్చేసింది. మీరిద్దరూ గీత మీద నిలబడండి. నేను హోమ్ దగ్గరికి వెళ్ళి అక్కడినుంచి మొదలుపెడతాను."

"హలో, గస్. చాలా రోజులైంది. నువ్వు మాట్లాడవని తెలుసులే. లావయ్యావు. నడుము దగ్గర. ఏయ్, తల ఊపకు, నేనూ లావయ్యాను. మా ఆవిడ హాట్ డాగ్‌కి పోయింది, విన్నావా? నాకు పిచ్చి అంటుంది. ఇందాకట్నుంచీ నా బూట్ల మీద పడి ఏడుస్తోంది. కానీ ఒక మాట చెప్పనా? రెండు గంటలు కారు నడిపింది ఆవిడే. నా మోకాలు నొప్పెడుతుందని. నేనెందుకొస్తున్నానో ఆవిడకి పొద్దున్నే తెలుసు. తెలిసీ ఏమీ అనకుండా నడిపింది. అలాంటి మనిషి దొరకదు, గస్. ఏంటి, రెక్క నా భుజం మీద వేశావు? మంచి బాతువే నువ్వు. చెమట కంపు కొడుతున్నావు కానీ మంచి బాతువి."

"ఇద్దరూ సిద్ధమేనా?"

"సిద్ధం! ఇటు విను, గస్. నువ్వెలాగూ ఓడిపోవాల్సినదానివే. నీ పనే అది. ఊరికే ఆయాసపడకు."

"ప్రజలారా, ఒక్క నిమిషం. గస్ నడుము మీద రెక్కలు పెట్టుకుంది. గస్, ఏమైంది? గస్ సార్ వైపు తిరిగి చూస్తోంది. అలాగే చూస్తోంది. సార్, బాతుతో ఏమన్నా అన్నారా?"

"ఆల్ ది బెస్ట్ అన్నాను!"

"మంచి మాటే అన్నారు. గస్, గీత మీదకి రా. ఆ, వచ్చింది. ఒకటి... రెండు... మూడు! మొదలుపెట్టారు! మెర్ల్ ముందున్నాడు! పచ్చ బూట్లు! పచ్చ బూట్లు దుమ్ము లేపుతున్నాయి! గస్ ఇంకా కదల్లేదు. గస్ కదిలింది. గస్... గస్ కొంచెం గట్టిగానే పరిగెడుతోంది. మూడో బేస్ దగ్గర పాప్‌కార్న్ బిల్ సంచీ ఊపుతున్నాడు! వెన్న రాసిన పాప్‌కార్న్! గస్‌కి ప్రాణం! గస్ ఆగుతుంది, చూడండి, ఆగుతుంది... ఆగలేదు. గస్! పాప్‌కార్న్! గస్! బిల్, ఇంకా ఊపు! బిల్ వెంటపడి ఊపుతున్నాడు! గస్ చూడనైనా చూడట్లేదు! గస్, మనమేం అనుకున్నాం? గస్ మెర్ల్‌ని దాటేసింది! పిల్లలూ, ఏడవకండి! గస్ హోమ్ దగ్గరికి వచ్చేసింది... ఆగింది! ప్రజలారా, గస్ ఆగింది! హోమ్‌కి ఒక్క అడుగు ముందు ఆగి వెనక్కి చూస్తోంది. మంచి గస్! బంగారు గస్! సార్, రండి, రండి! మెర్ల్ వస్తున్నాడు! కుంటుతున్నాడు కానీ వస్తున్నాడు! ఇంకో పది అడుగులు! ఏదో అరుస్తున్నాడు. ఏంటి సార్?"

"చెప్పానా! చూశావా గస్, చెప్పానా నీకు!"

"'చెప్పానా' అంటున్నాడు. ఏం చెప్పాడో తెలీదు. గస్ ఆయన్ని చూస్తోంది. గస్ కాలెత్తింది. గస్, వద్దు. గస్... మెల్లగా... ఒక్క కాలు... హోమ్ మీద పెట్టింది. ప్రజలారా. గస్ బాతు. ఓటములు, నాలుగు వేల పైచిలుకు. గెలుపులు... రెండు."

"కాదు! కాదు! ఇది లెక్కలోకి రాదు!"

"సార్, అలా హోమ్ మీద పడుకోకండి, ఆట మొదలవ్వాలి. సార్, వినండి ఒకసారి. మీ పేరే అరుస్తున్నారు. మైదానమంతా. అవతలి టీమువాళ్ళు కూడా టోపీలు ఊపుతున్నారు."

"ఎందుకు?"

"ఏమో సార్. ఈ ఏడాది ఇంత చప్పట్లు మా టీముకి ఒక్కసారి కూడా పడలేదు. నేను వెళ్ళి బిల్‌ని పట్టుకోవాలి, వాడింకా సంచీ ఊపుతూనే ఉన్నాడు. గస్, సార్‌ని లేపు."

"ముట్టుకోకు నన్ను! నీకేం ద్రోహం చేశాను నేను? నాలుగు వేలమందికి ఓడిపోయావు. మట్టిలో ఆడుకున్న పిల్లకి ఓడిపోయావు. నేనే దొరికానా? రెండుసార్లూ నేనే దొరికానా?"

"లే. మోకాలు చూసుకుని లే."

"లేవను. నువ్వు ముందు... ఏంటి? నువ్వు మాట్లాడావా?"

"మెల్లగా. పిల్లలు చూస్తున్నారు."

"ఈ గొంతు..."

"ఎడమ కాలు ముందు పెట్టు. ఆ. నా రెక్క పట్టుకో."

"ఆర్లీన్?"

"ష్. బాతు మాట్లాడకూడదు."

"హాట్ డాగ్ కోసం కదా వెళ్ళావు!"

"హాట్ డాగ్‌లు లోపల చాలానే ఉన్నాయి. గట్టిగా పీల్చేలా చెయ్యకు నన్ను."

"నువ్వు... నాకోసం... ఈ ఎండలో దీన్ని తొడుక్కున్నావా?"

"తొడుక్కున్నాను."

"నన్ను గెలిపించడానికి?"

"నిన్ను గెలిపించడానికే. చెయ్యి ఊపు, అందరూ చూస్తున్నారు."

"మరి గెలిచావేంటే! సొంత పెళ్ళానివి! అప్పటి బాతంటే ఎవడో, నేనెవరో తెలీదు వాడికి. నువ్వు! నా కథ అంతా తెలిసినదానివి! మూడో షికారులోనే ఏడ్చినదానివి!"

"ఏడవలేదని ముందే చెప్పాను కదా, మెర్ల్. నవ్వాను. నవ్వాపుకోలేక బాత్రూములోకి పరిగెత్తాను."

"నవ్వావా? ఎందుకు?"

"ఆల్ ది బెస్ట్ చెప్పి చెయ్యి కలిపానన్నావు. అందుకు."

"అందులో నవ్వడానికేముంది? నువ్వు అక్కడ లేవు కదా!"

"ఓడిపోవాలనే తొడుక్కున్నాను, మెర్ల్, రెండుసార్లూ. రెండుసార్లూ గీత దగ్గర నువ్వన్నది 'ఊరికే ఆయాసపడకు' అని."